అల్యూమినియం కోతలో స్పిండిల్ మొరాయిస్తే: సమస్య, కారణం, పరిష్కారం

భీమవరం, రావులపాలెం వంటి ఊళ్లలో ఇంటి షెడ్డులోనే సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ నడిపే కోత యంత్రం) కట్టుకున్నవారు, చెక్క మీద చక్కగా నడిచిన యంత్రం అల్యూమినియం దగ్గర మొరాయించగానే ఎక్కువ వాట్ల స్పిండిల్ (కట్టర్‌ను పట్టి తిప్పే మోటారు) కోసం వెతుకుతారు. డబ్బు పెట్టేముందు లోపం ఎక్కడుందో తేల్చుకోవాలి.

కట్టర్‌కు లోహం అతుక్కుపోతుంటే అది స్పిండిల్ బలహీనత కాదు. తిరిగే వేగానికి తగ్గ ఫీడ్ (కట్టర్ ముందుకు కదిలే వేగం) లేనప్పుడు కట్టర్ కోయడం మాని రుద్దుతుంది. ఆ వేడికి మెత్తబడిన లోహం అంచును పట్టుకుంటుంది. ఒకే పన్ను ఉన్న 6 మి.మీ. కార్బైడ్ కట్టర్‌ను 18,000 ఆర్‌పీఎంలో (నిమిషానికి చుట్లు) తిప్పుతూ పంటికి 0.04 మి.మీ. కోయాలంటే ఫీడ్ నిమిషానికి 720 మి.మీ. ఉండాలి. ఫ్రేమ్ అంత ఓర్చుకోకపోతే కోత లోతు తగ్గించాలి గానీ ఫీడ్ తగ్గించకూడదు.

వేగం తగ్గించగానే స్పిండిల్ ఆగిపోతుంటే కారణం వేరు. 24,000 ఆర్‌పీఎం వద్ద 2.2 కిలోవాట్లు ఇచ్చే స్పిండిల్, 8,000 వద్ద అందులో సుమారు మూడో వంతే ఇస్తుంది. చిన్న కట్టర్ వేసి వేగం పెంచడమే మార్గం.

కట్టర్ కంటే గాడి వెడల్పుగా పడుతున్నా, రెండు పళ్లలో ఒకటే అరిగిపోతున్నా కట్టర్ కేంద్రం తప్పి తిరుగుతోందని అర్థం. చవక స్పిండిళ్లలో నేను అన్నిటికంటే ముందు చూడమనేది దీన్నే. డయల్ గేజ్ (సన్నని ఊగును కొలిచే పరికరం) ముల్లును మొదట స్పిండిల్ లోపలి టేపర్‌కు (కాలెట్ కూర్చునే ఏటవాలు రంధ్రానికి) ఆనించి చేత్తో తిప్పాలి. తరువాత కట్టర్ కాడ మీద చూడాలి. టేపర్ దగ్గర ముల్లు 0.01 మి.మీ. దాటకుండా, కాడ దగ్గర ఎక్కువ ఊగితే తప్పు కాలెట్‌ది, అంటే కట్టర్ కాడను బిగించి పట్టే చీలికల గొట్టానిది. దాన్ని తురుము లేకుండా తుడిచి, మొదట నట్టులోకి టక్కుమని కూర్చోబెట్టి, ఆ తరువాతే స్పిండిల్‌కు బిగించాలి. అయినా ఊగితే మంచి కాలెట్ ఒకటి కొంటే చాలు. టేపరే ఊగితే ఆ స్పిండిల్‌ను వెనక్కి ఇచ్చేయాలి.

కొత్తగా కొనేవారికి, ఫ్రేమ్ తేలికైతే 65 మి.మీ. వ్యాసం, 800 వాట్లది నయం. ఉక్కు ఫ్రేమ్ అయితేనే 2.2 కిలోవాట్లది మోయగలదు. 400 హెర్ట్జ్ స్పిండిల్‌ను తొలిసారి తిప్పేముందు వీఎఫ్‌డీలో (స్పిండిల్‌కు కరెంటు ఇచ్చి వేగం మార్చే పరికరం) బేస్ ఫ్రీక్వెన్సీ 400కు మార్చకుండా 50 దగ్గరే ఉండిపోలేదని చూడాలి; లేకపోతే వైండింగ్ కాలిపోతుంది.

చేపల, రొయ్యల చెరువుల్లో నీటికి గాలి కలిపే ఏరేటర్లన్నీ నడిచే వేళ వీఎఫ్‌డీ ట్రిప్ అవుతుంటే, కోత సాగుతుండగా దాని ఇన్‌పుట్ వోల్టేజీ కొలవాలి. బాగా పడిపోతుంటే మీటరు నుంచి విడిగా మందమైన వైరు లాగాలి. అప్పటికీ పడిపోతే లోపం బయటి లైనుది, స్పిండిల్‌ది కాదు. నీటితో చల్లబడే రకానికి తీరప్రాంతపు ఉప్పు బోరు నీళ్లు పోయకూడదు. డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి వాడాలి.