ఇంగ్లండ్ పాత బంగళాల తోటలు చూడబోయే విశాఖ పెద్దవాళ్లకి

ఒక రోజుకి ఒక్క తోటే పెట్టుకోండి. అక్కడుండే మీ పిల్లలు సెలవు రోజున కారు తీసి, పొద్దున ఒక కోట, మధ్యాహ్నం ఒక బంగళా, సాయంత్రం షాపింగ్ అని ప్లాన్ వేస్తారు. అమ్మానాన్నలకి అన్నీ చూపించెయ్యాలన్న ప్రేమ అది. అయినా సరే వద్దనండి. ఆ తోటలు పార్కులా ఓ చుట్టు చుట్టి వచ్చేసేవి కావు. నేను స్టీల్ ప్లాంట్ ఉద్యాన విభాగంలో రిటైరయ్యేదాకా మొక్కల మధ్యే బతికినవాణ్ణి. కొడుకూ కోడలూ అక్కడ ఉండబట్టి వాటిని తీరిగ్గా చూడగలిగాను. మనవాళ్లు ఇంటి లోపలి కుర్చీలు, పింగాణీ గిన్నెలు చూసి, బయట నాలుగు ఫొటోలు దిగి వచ్చేశామంటే నా మనసు ఊరుకోదు. ఇల్లు తర్వాత చూడొచ్చు, ముందు తోటలోకి నడవండి.

ఎప్పుడు వెళ్తున్నారన్న దాన్ని బట్టి ఏ తోట అన్నది తేల్చుకోవాలి. ఏప్రిల్ చివర, మే మొదట్లో అయితే అడవి నేలంతా నీలంగా బ్లూబెల్స్ పూస్తాయి. మే నెలాఖరుకి రోడోడెండ్రాన్లు, జూన్‌లో గులాబీలు, సెప్టెంబర్‌లో డేలియాలు. అక్టోబర్‌లో ఆకులు ఎర్రబడే అందం వేరు, మన విశాఖలో అలాంటిది చూడలేం. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది కదా అని ధీమాగా బయల్దేరకండి. తోటలు సాయంత్రం ఐదారింటికే మూసేస్తారు, లోపలికి పంపడం అంతకంటే ముందే ఆపేస్తారు. చాలా ఇళ్లు చలికాలంలో తలుపులు తియ్యవు. ఏ రోజు తెరుస్తారో ముందురోజే ఆన్‌లైన్‌లో చూడమని పిల్లలకి చెప్పండి.

టికెట్ విషయం క్లుప్తంగా చెప్తాను. చాలా తోటలు 1895లో పుట్టిన నేషనల్ ట్రస్ట్ అనే, పాత ఇళ్లనీ తోటలనీ కాపాడే సంస్థ చేతిలో ఉన్నాయి. నెలల తరబడి ఉండబోతుంటే దాని మెంబర్‌షిప్ లాభమా, విడి టికెట్లు లాభమా లెక్క వేసుకోండి. చాట్స్‌వర్త్, బ్లెన్‌హైమ్ లాంటి పెద్ద బంగళాలు ట్రస్ట్‌వి కావు, వాటి టికెట్ వేరు. కొన్నిచోట్ల తోటకి మాత్రమే తక్కువ ధర టికెట్ ఇస్తారు, అడగండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మొహమాటపడకుండా వీల్‌చైర్ గానీ బ్యాటరీ బండి గానీ ఉందేమో ముందే ఫోన్ చేయించి కనుక్కోండి.

చెప్పులతో వెళ్లకండి. ఎండ కాసినా గడ్డి తడిగానే ఉంటుంది, దారులన్నీ సన్న కంకర. పట్టుండే బూట్లు, జూన్ అయినా సరే ఒక స్వెట్టర్, పైన వాన కోటు. గొడుగు ఆ గాలికి నిలవదు. టాయిలెట్లలో కాగితమే ఉంటుంది కాబట్టి సంచిలో ఒక ఖాళీ నీళ్ల సీసా పెట్టుకోండి.

ఇక నడక. విల్ట్‌షైర్‌లో స్టౌర్‌హెడ్ అనే తోట ఉంది. హెన్రీ హోర్ అనే బ్యాంకర్ 1740ల నుంచి లోయకి అడ్డంగా కట్ట వేయించి, స్టౌర్ నది పుట్టే చోటే చెరువు చేసి, దాని చుట్టూ గుళ్ల లాంటి కట్టడాలు పెట్టించాడు. మనకి ప్రదక్షిణ అంటే కుడివైపుకి తిరగడం అలవాటు. అక్కడ చెరువు మన ఎడమచేతి వైపు ఉండేలా నడవాలి. ఆయన దృశ్యాలన్నీ ఆ వరసలోనే కూర్చాడు. ఎదురు దిశలో నడిస్తే అవే కట్టడాలు కనిపిస్తాయి గానీ, ఒకదాని కోసం ఒకటి ఎదురుచూసే ఆనందం పోతుంది. దారిలో రాళ్లతో కట్టిన చీకటి గుహ వస్తుంది. అక్కడ కంగారు పడకుండా కళ్లు చీకటికి అలవాటు పడేదాకా నిలబడండి. ఊట నీటి చప్పుడు వినిపిస్తుంది. గోడలో గరుకు రాళ్ల మధ్య ఒక కన్నం ఉంటుంది. అందులోంచి చూస్తే చెరువు సరిగ్గా కంటి ముందు పరుచుకుని ఉంటుంది. ఆ చూపు కోసమే ఆ కన్నం వదిలారు.

పెద్ద ఇళ్ల ముందు పచ్చిక మైదానం, దాని అవతల గొర్రెలు మేస్తుంటాయి. మధ్యలో కంచె కనపడదు. మరి గొర్రెలు పూలమొక్కల్లోకి ఎందుకు రావో చూడాలంటే పచ్చిక అంచుదాకా నెమ్మదిగా వెళ్లండి. అక్కడ నేల ఒక్కసారిగా తెగి కందకం ఉంటుంది: ఇంటివైపు నిలువు గోడ, అవతలివైపు ఏటవాలు. దాన్ని హా-హా అంటారు. 18వ శతాబ్దంలో కేపబిలిటీ బ్రౌన్ లాంటి తోట నిర్మాతలు దీన్ని బాగా వాడారు. మనవలు పరుగెత్తుతుంటే మాత్రం చెయ్యి పట్టుకోండి, దగ్గరికి వెళ్లేదాకా ఆ గొయ్యి కనపడదు.

నన్నడిగితే సగం సమయం ఎత్తైన గోడల మధ్యనున్న కూరగాయల తోటకే ఇవ్వండి. చాలామంది అటు తొంగి చూడకుండా టీ కొట్టువైపు వెళ్లిపోతారు. దక్షిణానికి తిరిగిన ఇటుక గోడ పగలంతా ఎండ తాగి, రాత్రి ఆ వేడిని పండ్ల చెట్టుకి ఇస్తుంది. పీచ్, ఆపిల్ చెట్లని విసనకర్ర రేకుల్లా గోడకి పరిచి కడతారు. వేళ్లతో తాకేంత దగ్గరగా వెళ్లి ఆ ఇటుకల మధ్య సున్నం చూడండి. తుప్పు పట్టిన మేకులు, మేకులు ఊడిన చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. తరతరాల తోటమాలులు ఒక్కో కొమ్మని గుడ్డపీలికతో గోడకి బిగించిన గుర్తులవి. కొన్నిచోట్ల గోడ లోపల గొట్టాలుండి, పొగతో దాన్ని వేడి చేసేవారు. సింహాచలం కొండ దిగువన మనం బేరమాడి కొనుక్కునే అనాస పండుని అక్కడి ప్రభువులు ఒక్కటి పండించడానికి, గోతుల్లో గుర్రపు గెత్తం, తోళ్లు పదును చెయ్యడానికి వాడిన చెట్టు బెరడు నింపి, ఆ కుళ్లే వేడిమీద మూడేళ్లు కాపలా కాయించేవారు. గేటు స్తంభాల మీద రాతి అనాస పండు కనిపిస్తే దాని వెనక ఆ గొప్ప ఉంది.

డెర్బీషైర్‌లోని చాట్స్‌వర్త్‌కి వెళ్లేవాళ్లు అరటి సంగతి తెలుసుకుని వెళ్లాలి. చైనా నుంచి మారిషస్ మీదుగా వచ్చిన ఒక అరటి మొక్కని అక్కడి తోట పెద్ద జోసెఫ్ పాక్స్‌టన్ గాజు ఇంట్లో పెంచాడు. 1835లో అది పువ్వు వేసింది. యజమాని ఇంటిపేరు మీద దానికి కావెండిష్ అని పేరు పెట్టారు. ఇవాళ మన రైతుబజార్లో కనిపించే జీ-9 అరటి ఆ జాతిదే.

అక్టోబర్‌లో వెళ్తే ససెక్స్‌లోని నైమన్స్ అనే తోటలో ముసలి చెట్లని, వాటి పక్కన వయసు చెట్లని తేడా పట్టి చూడండి. 1987 అక్టోబర్‌లో ఒక్క రాత్రి గాలివానకి దక్షిణ ఇంగ్లండ్‌లో కోటిన్నర చెట్లు కూలాయంటారు. ఈ తోట వందల చెట్లు పోగొట్టుకుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ చూసిన మనకి ఆ బాధ ఎవరూ చెప్పక్కర్లేదు. అక్కడి వాలంటీర్లు ఎక్కువమంది రిటైరైనవాళ్లే. ఆ రాత్రి గురించి అడగండి, మన తుఫాను గురించి చెప్పండి. ఇంగ్లీషు తడబడినా ఫరవాలేదు, చెట్ల మీద ప్రేమ ఉన్నవాళ్లు ఓపిగ్గా వింటారు.

ఇంత సిరి ఎక్కడిదని అడగడం కూడా తోట చూడటంలో భాగమే. సర్రేలోని క్లేర్‌మాంట్ ఎస్టేట్‌ని, 1768లో పాత యజమాని న్యూకాజిల్ డ్యూక్ చనిపోయాక, రాబర్ట్ క్లైవ్ కొన్నాడు. అంతకు కొద్దికాలం ముందు, 1765లో, మన విశాఖ ఉన్న ఉత్తర సర్కారులకి మొఘల్ చక్రవర్తి నుంచి ఈస్టిండియా కంపెనీ పేరిట ఫర్మానా తెచ్చిన మనిషి ఈయనే. నేషనల్ ట్రస్టే 2020లో, తన చేతిలో ఉన్న ఆస్తుల్లో 93కి వలస పాలనతోనో బానిస వ్యాపారంతోనో సంబంధముందని నివేదిక ఇచ్చింది. క్లేర్‌మాంట్‌లో మెట్లు మెట్లుగా తీర్చిన గడ్డి గుట్ట ఎక్కి చెరువు చూస్తే అందంగానే ఉంటుంది. ఆ చరిత్ర మనవలకి అక్కడే కూర్చుని చెప్పండి.

పూజకని ఒక్క పువ్వు కూడా కొయ్యకండి. రాలినవి కూడా ఏరకండి. మర్యాద సంగతి అలా ఉంచితే, ఫాక్స్‌గ్లోవ్, మాంక్స్‌హుడ్ లాంటివి ఒళ్లంతా విషం. కంచెగా పెంచే యూ చెట్టుకి ఎర్రటి పళ్లుంటాయి, పిల్లల నోట్లోకి పోకుండా చూసుకోండి, లోపలి గింజ ప్రాణాంతకం.

భోజనానికి పులిహోర కట్టుకెళ్లండి. కార్తీక వనభోజనాలు మనకి కొత్తా? అయితే తోట లోపల అంతటా కూర్చోనివ్వరు, పిక్నిక్‌కి చూపించిన చోటే దుప్పటి పరుచుకోవాలి. ఆ తర్వాత వాళ్ల స్కోన్ అనే చిన్న రొట్టె, టీ కూడా రుచి చూడండి.

బయటికొచ్చే దారిలో మొక్కల దుకాణం ఉంటుంది. చెయ్యి ఆగదు, నాకు తెలుసు. కానీ దిగుమతి పర్మిట్, మొక్కకి తెగులు లేదని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ లేకుండా మొక్క గానీ విత్తనం గానీ ఇండియాకి తేకూడదు. తెగుళ్లు మన రైతు చేల్లోకి దిగకుండా పెట్టిన నియమం అది, సూట్‌కేస్‌లో దాచి తేవద్దు. అక్కడి కొడుకు పెరట్లో నాటేందుకైతే నిక్షేపంగా కొనండి. మన కోసం పేరు పలక ఫొటో తీసుకుంటే చాలు. రోడోడెండ్రాన్ విశాఖ ఉక్కకి బతకదు, దాని మీద ఆశ వదులుకోండి. డేలియా, పిటూనియా, సాల్వియా మాత్రం చలికాలంలో ఇక్కడా పూస్తాయి, కడియం నర్సరీల నుంచి నారు వస్తుంది. కుండీలో నీరు నిలవకుండా అడుగున పెంకులు వేసి, నవంబర్‌లో నాటండి.