అమ్మకాలు పెరుగుతున్నాయి, మిగులు పెరగట్లేదు: లోపం ఎక్కడుంది?

సమస్య: ఆదాయం ఏటా పెరుగుతోంది, లాభం ఉన్నచోటే ఉంది.

బెంగళూరులో బెళ్లందూరు, మారతహళ్లి వైపు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఫైనాన్స్ చూసే మనవాళ్లను కదిపితే వినిపించే గోడు ఇదే. అందరూ ముందు క్లౌడ్ బిల్లు, అంటే అద్దె సర్వర్లకు కట్టే డబ్బు మీద పడతారు. దాన్ని కాసేపు వదిలేసి అమ్మకాల ఖర్చు తీయండి, అంటే సేల్స్ జీతాలు, కమీషన్లు, యాడ్స్, ఈవెంట్లు అన్నీ కలిపి.

కారణం: సులువుగా దొరికే కస్టమర్లు మొదట్లోనే వచ్చేస్తారు. ఆ తర్వాతి వాళ్లను ప్రత్యర్థి దగ్గర్నుంచి లాక్కోవాలి, ఖర్చు ఎక్కువ. సగటు లెక్కలో ఇది దాక్కుంటుంది. నిరుడు 400 కోట్లు ఖర్చు పెడితే 300 కోట్ల కొత్త ఆదాయం వచ్చింది, ఈ ఏడాది 500 పెడితే 330 వచ్చింది అనుకుందాం. రూపాయి ఆదాయానికి సగటు ఖర్చు 1.33 నుంచి 1.52కి చేరింది, పెద్ద టెన్షన్ పడేలా లేదు. కానీ అదనంగా పెట్టిన 100 కోట్లకు వచ్చింది 30 కోట్లే!

పరిష్కారం: ఆ అదనపు డబ్బు ఏ విభాగంలో, ఏ ఊళ్లో పోయిందో విడదీసి, తిరిగి రాని చోట ఆపండి. అన్ని టీముల్లోనూ సమానంగా పది శాతం కోయడం మాత్రం వద్దు, బాగా అమ్ముతున్నవాళ్లే ముందు బయటికి పోతారు. కోతకు ధర కూడా ఉంటుంది. అమెరికా సాఫ్ట్‌వేర్ కంపెనీ సేల్స్‌ఫోర్స్‌లో 2023 జనవరితో ముగిసిన ఏడాదికి అమ్మకాల ఖర్చు ఆదాయంలో దాదాపు 43 శాతం, మరుసటి ఏడాదికి 37. నిర్వహణ లాభం ఆదాయంలో 3.3 నుంచి 14.4 శాతానికి ఎగబాకింది, ఆదాయ వృద్ధి 18 నుంచి 11 శాతానికి దిగింది. వృద్ధి తగ్గడానికి మార్కెట్ కూడా కారణమేలెండి, అయినా బోర్డుకు రెండు అంకెలూ కలిపే చూపించండి.

పోలిక పెట్టేటప్పుడు జాగ్రత్త. ఇన్ఫోసిస్‌లో ఈ ఖర్చు ఆదాయంలో 5 శాతం అటూ ఇటూ, చెన్నైలో పుట్టిన సాఫ్ట్‌వేర్ కంపెనీ ఫ్రెష్‌వర్క్స్‌లో 2023లో సగానికి పైనే. ఒకరిది పాత క్లయింట్ల దగ్గరే మళ్లీ మళ్లీ పని తెచ్చుకునే వ్యాపారం, మరొకరిది ఎప్పటికప్పుడు కొత్తవాళ్లను వెతుక్కునే వ్యాపారం.

సమస్య: లాభం కనిపిస్తోంది, బ్యాంకులో డబ్బు లేదు.

కారణం చాలాసార్లు కమీషనే. ఏడాదికి మించిన కాంట్రాక్టు తెచ్చినందుకు ఇచ్చే కమీషన్‌ను ఇండ్ ఏఎస్ 115 అనే అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం ఆస్తిగా చూపి, ఏళ్ల మీద కొంచెం కొంచెంగా ఖర్చు రాస్తారు. నగదు మాత్రం ఇప్పుడే పోతుంది. పుస్తకాల లాభం పక్కన ఆ ఏడాది చెల్లించిన కమీషన్ కూడా రాసుకోండి, చాలు.

సమస్య: మార్చిలో డీల్స్ వరద, ఏప్రిల్ ఎడారి.

మార్చి 30 రాత్రి పదకొండింటికి "అన్నా, ఈ ఒక్కదానికి 40 శాతం డిస్కౌంట్ అప్రూవ్ చెయ్యి" అని మెసేజ్ వస్తోందంటే కారణం వేరే వెతకక్కర్లేదు. టార్గెట్ తేదీకి కట్టేసి ఉంది కాబట్టి ఏప్రిల్‌లో పూర్తి ధరకు కొనేవాడికి కూడా మార్చిలోనే తగ్గించి అమ్ముతున్నారు. కమీషన్‌లో కొంత భాగం కస్టమర్ డబ్బు చేతికొచ్చాక, ఇంకొంత రెన్యూవల్ అయ్యాక ఇవ్వండి. సేల్స్‌వాళ్లు గొడవ చేస్తారు, అందుకే ఏడాది మధ్యలో కాకుండా కొత్త ప్లాన్ ఇచ్చేటప్పుడే ఇది పెట్టండి.