వానలు పడ్డాక నీళ్లు మారితే ఏం చూడాలి, ఏం చేయాలి: ఒడిశాలోని రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి ఊళ్ల కోసం

మన వైపు తాగునీటి తంటాలు తొలకరితో మొదలై అక్టోబరు తుఫాన్ల దాకా సాగుతాయి. నాగావళి, వంశధార, మహేంద్రతనయ మూడూ కొండల్లో పుట్టిన నదులే. పైన పడ్డ వాన గంటల్లో కిందికి దిగుతుంది, దారిలో దొరికినదంతా మోసుకొస్తుంది. అందుకే ఏ నీటి రిపోర్టు చేతికొచ్చినా నేను ముందు అడిగేది ఒకటే: నమూనా తీయడానికి ముందు మూడు రోజుల్లో వాన ఎంత పడింది? అది రాయని రిపోర్టును నమ్మి ఊరంతటికీ నీళ్లు పట్టడం ప్రమాదం.

కుళాయిలో ఎర్రనీళ్లు వస్తున్నాయి

ఎండాకాలంలో పోడు కోసం కాల్చిన వాలులూ దున్ని వదిలేసిన మెట్ట పొలాలూ బోసిగా ఉంటాయి. వాటి మీద తొలి వానలు పడితే ఎర్రమట్టి గెడ్డల్లోకి (కొండవాగుల్లోకి), అక్కడి నుంచి నదిలోకి దిగుతుంది. నెలల తరబడి పేరుకున్న పేడ, చెత్త, పొలాల ఎరువు కూడా దాంతోపాటే కొట్టుకొస్తాయి. అందుకే ఆగస్టు వరద కంటే జూన్‌లో వచ్చే మొదటి బురదనీటికే నేను ఎక్కువ భయపడతాను.

ఇక్కడ చాలామంది బురదనీళ్లలోనే క్లోరిన్ బిళ్ల వేసి తాగేస్తారు. అలా చేయొద్దు. క్లోరిన్‌లో చాలా భాగం ఆ మట్టికే ఖర్చయిపోతుంది, మట్టిరేణువుల చాటున సూక్ష్మజీవులు బతికిపోతాయి. ముందు నీళ్లను తేర్చాలి. బిందెలో పటిక ముక్కను నాలుగు చుట్లు తిప్పి, కదపకుండా రాత్రంతా ఉంచండి. చిల్లగింజ అరగదీసే అలవాటున్న ఇళ్లలో అదీ పనికొస్తుంది. పైతేటను నాలుగు మడతల నూలుగుడ్డలో వడకట్టి, ఆ తర్వాతే క్లోరిన్ వేయండి, లేదా తెర్ల కాచండి. తేటపడిందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. నీళ్లు నింపిన పారదర్శకమైన సీసాను వార్తాపత్రిక మీద నిలబెట్టి మూతి లోంచి కిందికి చూడండి. పెద్ద శీర్షిక కూడా చదవలేకపోతే ఇంకా చాలా మడ్డి ఉన్నట్టే. శీర్షిక కనబడినంత మాత్రాన సరిపోదు. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మడ్డి 1 ఎన్‌టీయూ (మడ్డిని కొలిచే యూనిట్) లోపు ఉండాలి, వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రం 5 దాకా ఒప్పుకుంటారు.

నీళ్లు తేటగానే ఉన్నాయి, ఇంటింటా విరేచనాలు

అన్నింటికన్నా భయపడాల్సింది దీనికే. వరద తీశాక నీళ్లు తేటపడతాయి, జనం ధైర్యంగా తాగుతారు. 2007లోనూ 2022లోనూ రాయగడ జిల్లాలో కలరా ప్రబలింది వానాకాలంలోనే.

బావి అయితే ముందు గట్టు చూడండి. చప్టా పగిలిందా, వాడిన నీళ్లు తిరిగి లోపలికే ఇంకుతున్నాయా, దగ్గర్లో మరుగుదొడ్డి గుంట గానీ పెంటకుప్ప గానీ ఉందా? కుళాయి అయితే పైపులు చూడాలి. మనకు నీళ్లు రోజుకు ఒకటి రెండు పూటలే వదులుతారు. వదలని వేళ పైపులో ఒత్తిడి ఉండదు. కారే జాయింటు మురికి కాలువలో మునిగి ఉంటే, బయటి నీళ్లు పైపులోకి చొరబడతాయి. ట్యాంకు దగ్గర క్లోరిన్ సరిగ్గానే ఉంటుంది, చివరి ఇంటికి వచ్చేసరికి సున్నా. కాబట్టి పరీక్ష చేయాల్సింది వీధి చివరి కుళాయి దగ్గర. అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. జబ్బులు మొదలైతే 0.5 ఉండేలా చూడమని పంప్ ఆపరేటర్‌ని అడగండి. నీళ్లలో మలం కలిసిందేమో చూసే హెచ్2ఎస్ సీసా దొరికితే గీత దాకా నీళ్లు పోసి ఉంచండి. ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే ఆ నీళ్లలో మలమూత్రాలు కలిశాయని అనుమానించి, తాగడం ఆపేయాలి. నల్లబడేదాకా ఆగమని కాదు, జబ్బులుంటే ఆ రోజు నుంచే కాచి తాగాలి.

బావికి బ్లీచింగ్ పౌడర్ మోతాదు వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు. రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల లోతు నీరున్న గుండ్రటి బావిలో సుమారు 9,400 లీటర్లుంటాయి, అంటే 24 గ్రాములు చాలు. పౌడర్‌ను నేరుగా చల్లకండి. బకెట్‌లో కాసిని నీళ్లతో ముద్దగా కలిపి, తర్వాత ముప్పాతిక దాకా నీళ్లు పోసి, పది నిమిషాలు ఆగితే సున్నం అడుక్కి చేరుతుంది. పైతేటను మాత్రం వేరే బకెట్‌లో వంచి, తాడుతో బావిలోకి దింపి బాగా కదపాలి. రాత్రి వేసి పొద్దున తోడుకోవడం మేలు. వరదనీరే బావిలోకి దిగితే ఈ మోతాదు చాలదు. మొత్తం తోడించి, అడుగున మట్టి తీయించి, ఆరోగ్య సిబ్బంది చేత చేయించాలి.

టీడీఎస్ మీటర్ బాగానే చూపిస్తోంది

చూపిస్తుంది మరి. వాననీటిలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి వానలు పడితే టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) సాధారణంగా తగ్గుతుంది. మే నెలలో కంటే ఆగస్టులో అంకె బాగుండొచ్చు, అదే ఆగస్టులో ఆ నీళ్లలో క్రిములు ఎక్కువుండొచ్చు. ఆ మీటర్ కొలిచేది కరిగిన లవణాలనే. మట్టినీ క్రిములనూ అది పట్టుకోలేదు. అంకె చూసి అమ్మేవాళ్ల మాట నమ్మకండి.

బోరింగు నీళ్లు కాసేపటికి ఎర్రబడుతున్నాయి

కొట్టినప్పుడు తేటగా ఉండి, బిందెలో పెట్టాక తుప్పు రంగు వస్తే అది ఇనుము. లోపల కరిగి ఉన్న ఇనుము గాలి తగలగానే తుప్పుగా మారుతుంది. ఎత్తునుంచి ధారగా పోసి, ఇసుక వడపోతలో పంపితే చాలావరకు పోతుంది. కొట్టగానే బురదగా వస్తే మాత్రం పైనుంచి వాననీరు దిగుతోందని అర్థం, చప్టా బాగు చేయించాలి.

ఎరువులు వేసే పొలాల మధ్య బావులకు వానల తర్వాత ఇంకో పరీక్ష చేయించండి: నైట్రేటు. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లతో చంటిబిడ్డకు పాలు కలపొద్దు. కాస్తే నైట్రేటు పోదు, నీరు ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. వేరే బావి నీళ్లు తేవడమే మార్గం.

రెండు రిపోర్టులకు పొంతన లేదు

ఒకే రేవు, వారం తేడా, అంకెలు వేరు. ల్యాబును తిట్టే ముందు నమూనా ఎలా తీశారో అడగండి. నది పెరుగుతున్నప్పుడు తీసిన నీళ్లూ తగ్గుతున్నప్పుడు తీసిన నీళ్లూ ఒకటి కావు. మట్టి ఎక్కువగా వచ్చేది నది పెరిగేటప్పుడే. ఒడ్డున ముంచారా, పారే నీటిలోనా? క్రిముల పరీక్షకు శుద్ధిచేసిన సీసానే వాడారా? ఐసు పెట్టెలో పెట్టి, వీలైతే ఆరు గంటల్లో, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లో ల్యాబుకు చేర్చారా? కొండ ఊరి నుంచి బస్సులో ఎండకు వచ్చిన సీసా ఫలితాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

బ్లాకు కేంద్రంలో కొలిచిన వాన మీ ఊరి వాన కాదు. మీ దగ్గర చుక్క పడకపోయినా పైన నియమగిరి, కలహండి కొండల్లో కురిస్తే వంశధార పొంగుతుంది. 2017 జులైలో కల్యాణసింగ్‌పూర్ వైపు కురిసిన వానలకు నాగావళి ఎలా విరుచుకుపడిందో మనవాళ్లకు గుర్తే. బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో వర్షమాపకం పెట్టి, వాతావరణ శాఖ లెక్కనే రోజూ ఉదయం 8:30కి చూసి రాయండి. నమూనా చీటీ మీద తేదీ, వేళ, ఒక రోజు వాన, మూడు రోజుల వాన, నది పెరుగుతోందా తగ్గుతోందా అన్నవి తప్పకుండా ఉండాలి. చీటీ ఒడియాలో రాయించండి. ఏటా ఒకే రోజున కాకుండా, తొలకరికి ముందు ఒకసారి, మొదటి గట్టి వాన పడ్డ రెండు రోజుల్లో ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి తీయించండి. అప్పుడే ఏది వాన తెచ్చిందో, ఏది ఎప్పుడూ ఉండేదో తేలుతుంది.

గుణుపూర్ దగ్గర వంశధార నీటిమట్టం పెరుగుతోందని తెలిసిన రోజున కింద ఆంధ్రాలోని భామిని, కొత్తూరు వైపు బంధువులకు ఫోన్ చేయండి. నది తీసేదాకా ఇసుకలో చలమ నీళ్లు తాగొద్దనీ, కాచిన నీళ్లు ముందే నింపుకోమనీ చెప్పండి.