బంగినపల్లి మామిడిని నష్టపోకుండా అమ్ముకోవడం ఎలా?

కాయ చెట్టు దిగిందంటే ఇక బేరమాడే వ్యవధి ఉండదు. అందుకే ఎవరికి అమ్మాలన్నది కోతకు ముందే తేల్చుకోవాలి.

1. దారి ఎంచుకోండి. పూత దశలోనే తోటను గుత్తకు ఇస్తే గాలివాన భయం కొన్నవారిదే, ధర పెరిగితే లాభమూ వారిదే. లేదంటే నున్న, జగిత్యాల, బాటసింగారం వంటి మార్కెట్లకు తోలవచ్చు. రైతు ఉత్పత్తిదారుల సంఘం ద్వారా పెద్ద కొనుగోలుదారులకు ఇవ్వవచ్చు, పెట్టెల్లో నేరుగా ఇళ్లకే పంపవచ్చు. తోతాపురి రైతులకైతే చిత్తూరు వైపు గుజ్జు పరిశ్రమలూ ఉన్నాయి. ఏ దారైనా, కమీషన్ వ్యాపారి దగ్గర పెట్టుబడికి అప్పు తీసుకోకుండా ఉండగలిగితే మంచిది. అప్పు ఉన్న రైతు వేరే చోట అమ్మలేడు.

2. చేతికొచ్చే ధర లెక్కగట్టండి. అన్నింటికన్నా ముఖ్యమైన పని ఇదే. మార్కెట్లో కిలో 30 రూపాయలు పలికిందనుకుందాం. టన్నుకు క్వింటా తరుగు తీస్తే డబ్బు వచ్చేది 900 కిలోలకే, అంటే 27,000. అందులో పది శాతం కమీషన్ పోతే 24,300. కోత కూలి, లారీ కిరాయి, హమాలీ కలిపి 3,000 అయితే మిగిలేది 21,300, అంటే కిలోకు 21 రూపాయల 30 పైసలే. తోట దగ్గరే 22 రూపాయలకు అడిగినవారిని కాదని లారీ ఎక్కిస్తే నష్టమే. కాయలో లోపం లేకపోయినా తరుగు తీయడం అన్యాయం. తూకానికి ముందే ఆ మాట తేల్చుకోండి, చీటీ తప్పక తీసుకోండి.

3. ముదిరిన కాయనే కోయండి. భుజాలు నిండి, తొడిమ చుట్టూ గుంత పడాలి. అనుమానముంటే నాలుగు కాయలు నీటిలో వేసి చూడండి, ముదిరినవి మునుగుతాయి. తొలి ధరకు ఆశపడి లేత కాయ కోస్తే అది పండదు, వడలిపోతుంది. కొన్నవారు మళ్లీ మీ దగ్గరకు రారు.

4. సొన తగలనివ్వకండి. ఉదయం పూట చిక్కం కట్టిన గడతో, కొంత తొడిమ ఉంచి కోయాలి. తర్వాత నీడలో తొడిమ తుంచి, కాయను బోర్లించి సొన కారనివ్వాలి. సొన మరక నల్లబడితే రుచి ఎంత బాగున్నా ధర పడిపోతుంది.

5. తోటలోనే గ్రేడింగ్ చేయండి. దెబ్బతిన్నవి, మచ్చలున్నవి వేరుచేసి, మిగిలినవాటిని ప్లాస్టిక్ క్రేట్లలో సర్దండి. లారీలో గుట్టగా పోస్తే అడుగు కాయలు నలుగుతాయి. రాత్రి ప్రయాణం మేలు. శీతల గదిలో ఉంచాల్సి వస్తే 13 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచండి. 10 డిగ్రీల కన్నా తగ్గితే తొక్క నల్లబడి, కాయ సరిగా పండదు.

6. మాగబెట్టడానికి కార్బైడ్ వాడకండి. అది నిషిద్ధం, తినేవారికి హానికరం. కాయలు మాగబెట్టే రైపెనింగ్ ఛాంబర్‌లో ఇథిలీన్ వాయువును 100 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 100 భాగాలు) వరకు వాడేందుకు అనుమతి ఉంది. ఇళ్లకు పంపే పెట్టెల్లో మాత్రం గట్టి కాయలే పెట్టి, ఎన్ని రోజుల్లో పండుతాయో చీటీ రాసి ఉంచండి.