మిద్దె మీద మిరప, మూడో పాఠం: మట్టి, ఉప్పు, ఇంటి ఎరువులు

పోయిన రెండు పాఠాల్లో ఎండ ఎక్కడ పడుద్ది, ఏ సంచి కొనాలి అనేది అయిపోయింది. పన్నెండంగుళాల గ్రో బ్యాగులు ఈపాటికి మిద్దె ఎక్కి ఉంటాయి అనుకుంటున్నా. ఈసారి మట్టి. కొంచెం పెద్ద పాఠమే, కానీ ఓపిగ్గా చదవండి, మట్టి కుదిరితే మిరపలో సగం పని అయిపోయినట్టే, ఆ తర్వాత నీళ్ళు పోయడం పురుగు చూసుకోవడం అంతే.

ముందొక మాట. మట్టి ఎట్టా కలపాలో చెప్పే వీడియోలు బోలెడున్నాయి, అందులో చాలావరకు మన ఊళ్ళవి కావు. కేరళ వైపు వానలకి నేలలో సున్నం కడుక్కుపోయి మట్టి పులుపుగా ఉంటది, వాళ్ళు గుడ్డు పెంకులు వెయ్యండి బూడిద వెయ్యండి అంటే అక్కడికి సరిపోద్ది. మనది ఒంగోలు, అటు కందుకూరు, కావలి, నెల్లూరు. ఇక్కడ మట్టిలో సున్నం ఎక్కువే, బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువే, సముద్రం దగ్గరికి పోయేకొద్దీ ఇంకా ఎక్కువ. మన దగ్గర కుండీలో మిరప చచ్చిపోయేది తిండి చాలక కాదు, ఎక్కువసార్లు ఉప్పు ఎక్కువై. మనోళ్ళేమో ఆకు అంచు మాడితే బలం చాల్లేదనుకుని ఇంకో గుప్పెడు ఎరువేస్తారు, అది ఇంకా మాడుద్ది. ఆవకాయ ముక్కకి ఉప్పు పట్టిస్తే ముక్కలో నీళ్ళు బయటికొస్తాయి గదా, వేరుకి కూడా అదే జరుగుద్ది. సంచి నిండా తడి ఉన్నా మొక్క తాగలేదు, మధ్యాహ్నానికి వడిలిపోద్ది. ఈ పాఠం మొత్తం ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుద్ది.

అందుకని మట్టి కంటే ముందు నీళ్ళు. మన ఒంగోల్లో మునిసిపల్ కొళాయిలో వచ్చేవి సాగర్ కాలవ నీళ్ళు, చెరువుల్లో నిలవ చేసి వదుల్తారు, మొక్కలకి బంగారం. రోజూ రావు, అది వేరే గొడవ, డ్రమ్ముల్లో పట్టిపెట్టుకోండి. ఒక రాత్రి మూత తీసిపెడితే అందులో క్లోరిన్ కూడా చాలావరకు పోద్ది. బోరు నీళ్ళయితే మాత్రం నీళ్ళలో కరిగిన ఉప్పు కొలిచే టీడీఎస్ మీటరు ఒకటి కొనుక్కోండి, పెన్ను సైజులో ఉంటది, పెద్ద ఖరీదు కాదు. 450 లోపు చూపిస్తే దిగుల్లేదు. 2000 దాటితే ఆ నీళ్ళు వద్దే వద్దు. మధ్యలో ఉంటే కొళాయి నీళ్ళో వాన నీళ్ళో సగానికి సగం కలిపి పోయాలి. మిరప ఉప్పుని పెద్దగా ఓర్చుకోదు, మట్టిలో ఉప్పు కొలత 1.5 డెసీసీమెన్లు దాటిన దగ్గర్నుంచే కాపు తగ్గడం మొదలవుద్ది, టీడీఎస్ లెక్కలో అది సుమారు 960. ఇంకోటి, కుండీలోంచి నీళ్ళు ఆవిరైపోతాయి గానీ ఉప్పు ఎక్కడికీ పోదు, రోజురోజుకీ చేరుకుంటానే ఉంటది. సంచి కింద చిల్లుల దగ్గర, పైన మట్టి అంచున తెల్లగా పిండి లాగా పేరుకుంటది చూడండి, వేలితో గీకి నాలిక్కి తగిలిస్తే మీకే తెలుస్తది. ఆ, వాటర్ ఫిల్టర్ పక్క పైపులోంచి పోయే నీళ్ళు వృథా అయిపోతున్నాయని మొక్కలకి పోస్తుంటారు కొంతమంది, దయచేసి పోయొద్దు, మంచి నీళ్ళలోంచి తీసేసిన ఉప్పంతా అందులోనే ఉంటది.

ఇప్పుడు మట్టి. లీటరు సీసా ఒకటి తీసుకుని మూడో వంతు మట్టి, మిగతా నీళ్ళు, చిటికెడు బట్టల సబ్బు పొడి వేసి గట్టిగా కుదిపి కిటికీలో పెట్టండి. ఒక నిమిషంలో అడుగున చేరేది ఇసుక. రెండు మూడు గంటల్లో దాని మీద కూర్చునేది ఒండ్రు. ఆ పైన మబ్బు లాగా తేలుతూ మర్నాటికి గానీ దిగనిది బంక. బంక సగానికి పైగా ఉంటే అది మన నల్లరేగడి, పర్చూరు అద్దంకి వైపు చేలల్లో ఉండేది. పొలంలో దానికి తిరుగులేదు, సంచిలో మాత్రం పనికిరాదు. తడిస్తే ఉబ్బుద్ది, ఎండితే ముడుచుకుపోయి సంచి గోడకీ మట్టికీ మధ్య వేలు పట్టేంత సందు వస్తది. మీరు పోసిన నీళ్ళు ఆ సందులోంచి సర్రున కిందికి పోతాయి, కింద కారింది గదా తడిసిందిలే అనుకుంటారు, లోపల మధ్యలో మట్టి గడ్డ పొడిగా అట్టాగే ఉంటది. అందుకే పొదిలి కనిగిరి వైపు ఎర్రమట్టి దొరికితే అది తెచ్చుకోండి, నెల్లూరు వాళ్ళకైతే ఆత్మకూరు ఉదయగిరి వైపుది. రేగడి తప్ప ఇంకేం దొరకదంటే నాలుగు తట్టలకి ఒక తట్ట మించకుండా వాడుకోవచ్చు. మైపాడు కొత్తపట్నం దగ్గరుండే వాళ్ళకి ఇసుక నేల, అందులో నీళ్ళు నిలవ్వు గానీ ఉప్పు కూడా తొందరగా కడుక్కుపోద్ది, అది ఒక లాభమే, కాకపోతే ఎరువు రెట్టింపు వెయ్యాలి. బీచ్ ఇసుక మాత్రం తేవొద్దు. ఉప్పుకి తోడు గవ్వల సున్నం కూడా వచ్చి పడుద్ది.

కలిపే లెక్క ఇది. ఎర్రమట్టి రెండు తట్టలు, బాగా చివికిన పశువుల ఎరువు రెండు తట్టలు, సగం కాలిన ఊక ఒక తట్ట. ఊక మన రైసు మిల్లుల దగ్గర కొదవేం ఉంది, నల్లగా బొగ్గు లాగా ఉన్నదే తీసుకోండి, తెల్లగా బూడిదైపోయింది వద్దు. ఊక దొరక్కపోతే గుండ్లకమ్మ ఇసుకో పెన్న ఇసుకో ముతకది, సిమెంటు తగలంది. ఎరువు చివికిందా లేదా అనేది వాసనే చెప్పుద్ది, పేడ వాసన వస్తే ఇంకా కాలేదు, తొలకరి వానకి మట్టి వాసన వస్తది చూడండి అట్టా రావాలి, చేత్తో నలిపితే పొడి అవ్వాలి, లోపల వేడి ఉండకూడదు. కోళ్ళ ఎరువు చౌకగా ఇస్తామంటారు ఫారాల వాళ్ళు, అది ఘాటు, ఉప్పు కూడా జాస్తి, సంచుల్లోకి వద్దు. కొబ్బరి పీచు పొట్టు వాడేవాళ్ళు దాన్ని నానబెట్టి పిండి ఆ నీళ్ళు పారబోయడం రెండు మూడు సార్లు చెయ్యాలి, డొక్కల్ని చాలాచోట్ల ఉప్పు నీళ్ళ కయ్యల్లోనే నానేస్తారు మరి. పన్నెండంగుళాల సంచికి ఈ కలపు దగ్గర దగ్గర 20 లీటర్లు పడుద్ది, తడిస్తే ఒక్కో సంచి పాతిక కిలోలు తూగొచ్చు, కాబట్టి అన్నీ ఒకచోట గుంపు చెయ్యకుండా గోడ వెంబడి పెట్టుకోండి.

ఒక్కో సంచికి వేపపిండి ఒక గుప్పెడు, శెనక్కాయల చెక్క ఒక గుప్పెడు చాలు. గానుగ దగ్గర చెక్క అడిగి తెచ్చుకోండి, అందులో నత్రజని 7 శాతం దాకా ఉంటది, మొక్కకి అసలు బలం అదే. చెక్కని నీళ్ళలో నానబెట్టి పైన పోస్తే ఈగలు, వాసన, కింద పోర్షన్ వాళ్ళతో మాటలు, ఎందుకొచ్చింది చెప్పండి, పొడి చేసి మట్టిలోనే కలిపెయ్యండి. ఆముదం పిండి కూడా మంచిదే గానీ ఇంట్లో కుక్క ఉంటే వద్దు, అది తింటే ప్రాణం మీదికొస్తది.

ఇక జీవామృతం. ప్రకృతి సేద్యం నేర్పే సుభాష్ పాలేకర్ గారు చెప్పిన లెక్క ఎకరానికి 200 లీటర్లు. మనకి 20 లీటర్ల బకెట్టు చాలు: పేడ కిలో, ఆవు మూత్రం అర లీటరు నుంచి లీటరు దాకా, బెల్లం 200 గ్రాములు, శెనగపిండి 200 గ్రాములు, మందులు కొట్టని చోట నుంచి, చెరువు గట్టు చెట్టు కిందో ఎక్కడో, గుప్పెడు మట్టి. ఒంగోలు ఆవు పేడ దొరికితే సంతోషం, దొరక్కపోతే నాటు ఆవు ఏదైనా పర్లేదు. బెల్లం ఎంత నల్లగా ఉంటే అంత మంచిది. నీడలో పెట్టి గోనెపట్టా కప్పండి, మూత బిగించొద్దు, పొద్దున సాయంత్రం కర్రతో ఒకే వైపు ఒక నిమిషం తిప్పండి. రెండో రోజు పొద్దున పట్టా తీసి చూస్తే పైన సన్నగా నురగ కట్టి ఉంటది, కర్ర పెట్టగానే బుడగలు చిటపటమంటాయి, వాసన పులిసిన దోసెపిండికి దగ్గరగా ఉంటది. అది కుదిరినట్టు. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే మాత్రం గాలి ఆడలేదని అర్థం, అది కంపోస్టు గుంత పాలు చేసి మళ్ళీ పెట్టుకోండి. 48 గంటలకి సిద్ధం, వారం లోపు వాడెయ్యాలి. వాడేటప్పుడు ఒక మగ్గుకి పది మగ్గుల నీళ్ళు కలిపి, సంచికి ఒక మగ్గు, పదిహేను రోజులకోసారి. జీవామృతంలో ఎరువు బలం చాలా తక్కువ, అది ప్రధానంగా మట్టిలో సూక్ష్మజీవుల కోసం, ఆ జీవులు మీరు కలిపిన చెక్కనీ ఎరువునీ కరిగించి వేరుకి అందిస్తాయి. మట్టిలో తినడానికి ఏం లేకుండా వారం వారం జీవామృతం పోసి కాపు రాలేదంటే ఎట్టా వస్తది?

మన జిల్లాలకే ఉన్న ఇంకో సౌకర్యం రొయ్య పొట్టు. చేపల మార్కెట్లో తలలు తోకలు పెంకులు గంపలకి గంపలు పారేస్తుంటారు. "అక్కా, ఆ పొట్టు కాస్త కవర్లో వెయ్యవా" అంటే "కోళ్ళకా నాయనా" అని అడిగి మరీ ఇస్తారు. ఆ పెంకులో ఉండేది కైటిన్. దాన్ని తినే సూక్ష్మజీవులు మట్టిలో పెరిగితే, వేరు కుళ్ళు తెచ్చే కొన్ని బూజుల గోడలు కూడా కైటిన్‌వే కాబట్టి వాటి పని కూడా పడతాయి, వేర్లని పట్టే నులిపురుగు గుడ్ల మీద కూడా దెబ్బ పడుద్ది. కాకపోతే ఉప్పు గుర్తుందిగా, రెండు సార్లు మంచి నీళ్ళలో కడగాలి. రెండు మూడు రోజులు మిద్దె మీద వలపట్టా కింద ఎండబెట్టండి, పట్టా లేకపోతే కాకులు మీకేం మిగల్చవు. గలగలమని విరిగేదాకా ఎండాక పాత మిక్సీలో కొట్టి కంపోస్టులో కలపండి, పచ్చిది సంచిలో వేస్తే పిల్లులు రాత్రికి రాత్రే తవ్వి పోస్తాయి. పొడి సంచికి ఒక చారెడు, సీజనుకి ఒక్కసారి. పెంకులో సున్నం కూడా ఉంటది కాబట్టి మంచిదని చెప్పి ఎక్కువ వెయ్యొద్దు. చేప వ్యర్థం దొరికితే అంతే తూకం బెల్లం కలిపి డబ్బాలో వేసి నెల రోజులు మురగబెడితే మీనామృతం, లీటరు నీళ్ళకి 3 మి.లీ. కలిపి ఆకుల మీద కొట్టుకోవచ్చు. పూత ముందు ఒకటి రెండు సార్లు చాలు, దాని గురించి పూత పాఠంలో వివరంగా చెప్తా.

వెయ్యకూడనివి కూడా చెప్పాలి. గుడ్డు పెంకులు అంటే సున్నం, మన మట్టిలో ఉన్నదే ఎక్కువ, పైగా ఇట్టాంటి మట్టిలో అది కరగదు. కాయ అడుగు నల్లబడితే కాల్షియం లేదంటారు, చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటది, మీరు ఒక రోజు ముంచి రెండు రోజులు ఎండబెట్టడం వల్ల అది కాయ దాకా చేరదు. పొయ్యి బూడిద కూడా అంతే, మట్టి పులుపో చౌడో చెప్పే అంకె, పీహెచ్ అంటారు, అది ఇంకా పైకి పోద్ది. అప్పుడు లేత ఆకులు పసుపుగా మారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి, ఇనుము అందట్లేదని గుర్తు. దానికి లీటరు నీళ్ళలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము ఉండే ఉప్పు), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద కొడితే తేరుకుంటది, ఇది ప్రకృతి సేద్యం కాదని ఎవరన్నా అంటే అననీండి. ఇక పొగాకు కాడలు. మన వైపు ఊరికే దొరుకుతాయి గదా అని మట్టిలో పరుస్తారు కొంతమంది. పొగాకు, మిరప, టమాటా, వంగ అన్నీ ఒకే కుటుంబం, పొగాకు మొజాయిక్ వైరస్ ఎండిన ఆకులో కూడా ఏళ్ళ తరబడి బతికే ఉంటది. బీడీ చుట్ట తాగిన చేత్తో మిరప నారు ముట్టుకోవద్దని పాతోళ్ళు చెప్పేది ఊరికే కాదు.

కలిపిన మట్టి వెంటనే వాడొద్దు. చెక్క మురిగేటప్పుడు వేడి పుడుద్ది, వేరు కాలిపోద్ది. నీడలో కుప్ప చేసి, పిడికిట్లో పిసికితే ముద్ద అవ్వాలి గానీ నీళ్ళు కారకూడదు అన్నంత తడి ఉంచి, జీవామృతం ఒక మగ్గు చిలకరించి మూడు వారాలు వదిలెయ్యండి. వారానికోసారి పారతో తిరగెయ్యండి. తర్వాత పరీక్ష, టీ కప్పులో ఆ మట్టి పోసి పది పెసలు నాటండి. పెసర ఉప్పుకి తొందరగా దొరికిపోద్ది. నాలుగు రోజుల్లో ఎనిమిదన్నా మొలిచి, రెండాకులు అంచు మాడకుండా విచ్చుకుంటే మీ మట్టి సిద్ధం. ఐదారే మొలిచినా, కొస మాడినా సంచిలో నింపి ఒక బకెట్టు కొళాయి నీళ్ళు నిదానంగా పోసి కింద నుంచి కారనీండి, రెండు రోజులాగి ఇంకోసారి పోసి మళ్ళీ పెసలు నాటి చూడండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి అసలు వానలు, అప్పుడు సంచుల మీద ఏమీ కప్పకుండా తడవనిస్తే ఏడాది పొడవునా చేరిన ఉప్పు కడుక్కుపోద్ది, కింద చిల్లులు మూసుకుపోకుండా చూసుకోండి చాలు. పాత సంచులున్నవాళ్ళు మట్టి పారెయ్యకుండా ఈ వానల్లోనే బాగుచేసుకోవచ్చు. వానలు పోయాక పైన శెనక్కాయ తొక్కలు రెండంగుళాలు పరిచేయండి, పై మట్టి ఎండకపోతే కింద ఉప్పు పైకి ఎగబాకదు.

మీటర్లూ పెసలూ ఇవన్నీ ఎందుకు అనుకునేవాళ్ళు గుప్పెడు మట్టి కవర్లో వేసుకుని దగ్గర్లో రైతు సేవా కేంద్రానికో, దర్శి కృషి విజ్ఞాన కేంద్రానికో పోయి అడగండి. పీహెచ్, ఈసీ (అదే ఉప్పు కొలత) రెండూ కాగితం మీద వస్తే మంచిదే. కాగితంలో పీహెచ్ 8.5 దాటి ఉంటే అది కారు చౌడు కిందికొస్తది, ఆ మట్టితో కుస్తీ పట్టొద్దు, వేరే మట్టి తెచ్చుకోండి.

వచ్చే పాఠం నారు. గుంటూరు లాం ఫారం పరిశోధన కేంద్రం రకాలు కొనాలా నాటు గింజ దాచుకోవాలా, ట్రేలో ఎన్ని గింజలు, గింజకి బీజామృతం ఎట్టా పట్టించాలి, నారు కుళ్ళు తెగులు రాకుండా ఏం చెయ్యాలి అనేవి చూద్దాం. ఈలోపు మట్టి కుప్ప వేసి పెసలు నాటి ఉంచండి, ఆ కప్పు లేకపోతే వచ్చే పాఠం చదివినా పని మొదలుపెట్టలేరు.