ఫ్లాట్‌బెడ్ వెనక ట్రైలర్ కట్టేముందు

ఫ్లాట్‌బెడ్ బండితో (వెనక పక్కగోడల్లేని చదునైన బెడ్ ఉన్నది) క్యారవాన్ ట్రైలర్, అంటే లోపల ఉండటానికి వీలున్న చక్రాల గది, లాగాలనుకుంటే, ఆటోనగర్‌లో హుక్ పెట్టించేటప్పుడే చెప్పండి: బెడ్ రేకుకు వెల్డింగ్ వద్దు, ఛాసిస్‌కే బోల్టులు బిగించాలి. బెడ్ వెడల్పు కాబట్టి ఖాళీ స్థలంలో ఓసారి పూర్తిగా తిప్పి, దాని మూల ట్రైలర్‌కు తగులుతుందేమో చూసుకోండి.

అసలు కిటుకంతా బరువులోనే ఉంది. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హుక్ మీద పడాలి, అంటే 1500 కిలోలకు 150 నుంచి 225 కిలోలు. తగ్గిందా, వారధి మీద పక్కనుంచి లారీ దూసుకెళ్తే చాలు, ట్రైలర్ తోక ఊపుతుంది. అందుకే ట్రైలర్‌లో బరువైన సామాను దాని ఇరుసుకు కాస్త ముందుకే సర్దాలి. ఒకవేళ ఊగితే టెన్షన్‌లో బ్రేక్ తొక్కేయకండి (మనందరి కాలూ ముందు అక్కడికే పోతుంది), యాక్సిలరేటర్ వదిలి స్టీరింగ్ కదలకుండా పట్టుకోండి.