సైన్యానికి వచ్చే ఏడాది ఏ ఆయుధాలు అందుతాయో తెలుసుకోవడం ఎలా?

కొత్త యుద్ధట్యాంకులు, శతఘ్నులు, క్షిపణులు మన సైన్యం చేతికి రాబోతున్నాయన్న వార్తలు తరచుగా కనిపిస్తుంటాయి. వాటిలో కొన్ని ఏడాది తిరగకముందే దళాలకు చేరతాయి, మరికొన్ని పదేళ్లకు గానీ రావు. శీర్షికలు చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. సరిహద్దుల్లో నిలబడే జవాను చేతిలో వచ్చే ఏడాది నిజంగా ఏముంటుందో తెలుసుకోదలచినవారు ఆ వార్తలను కొంత ఓపికతో, ఒక పద్ధతి ప్రకారం చదవాలి.

ముందుగా ఆ కొనుగోలు ఏ దశలో ఉందో తేల్చుకోవాలి. రక్షణ మంత్రి అధ్యక్షతన పనిచేసే రక్షణ కొనుగోళ్ల మండలి, అంటే డీఏసీ, ఒక ప్రతిపాదనకు పచ్చజెండా ఊపిందంటే అర్థం ఆ ఆయుధం సైన్యానికి అవసరమేనని అంగీకరించడం మాత్రమే. ఆ తర్వాత కంపెనీల నుంచి ప్రతిపాదనలు పిలవాలి, సాంకేతిక పరిశీలన జరగాలి, ఎడారిలోనూ ఎత్తైన కొండల్లోనూ పరీక్షలు పూర్తికావాలి, ధరపై బేరసారాలు ముగియాలి. పెద్ద మొత్తమైతే ప్రధాని నేతృత్వంలోని భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీ ఆమోదం కూడా పొందాలి. అప్పుడు గానీ ఒప్పందంపై సంతకాలు జరగవు. ఏటీఏజీఎస్ శతఘ్ని చరిత్రే ఇందుకు ఉదాహరణ. ప్రభుత్వ రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ 2013లో చేపట్టిన ఈ 155 ఎం.ఎం. శతఘ్ని కొనుగోలుకు డీఏసీ 2023 మార్చిలో అంగీకారం తెలిపింది. 307 శతఘ్నుల కోసం భారత్ ఫోర్జ్, టాటా అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ సంస్థలతో ఒప్పందం 2025 మార్చిలో కుదిరింది. దేశీయంగా రూపొంది, పరీక్షలన్నీ దాటిన ఆయుధానికే అంగీకారం నుంచి సంతకం దాకా రెండేళ్లు పట్టింది. 2024 సెప్టెంబరులో డీఏసీ అంగీకరించిన ₹1,44,716 కోట్ల ప్రతిపాదనల్లో భవిష్యత్ తరం యుద్ధట్యాంకు కూడా ఉంది. ఆ ట్యాంకును వచ్చే ఏడాది జాబితాలో వేసుకోవడం తొందరపాటే అవుతుంది.

ఒప్పందం కుదిరిందని తేలితే సరఫరా గడువు ఎక్కడ రాసి ఉందో వెతకాలి. ప్రభుత్వ ప్రకటనలో ఇది చాలాసార్లు చివరి పేరాలో ఒకే ఒక్క వాక్యంగా ఉంటుంది, పత్రికలకు చేరేసరికి అదే రాలిపోతుంది. ప్రచండ్ తేలికపాటి యుద్ధ హెలికాప్టర్ల ఒప్పందాన్నే చూడండి. 2025 మార్చిలో ₹62,700 కోట్లతో 156 హెలికాప్టర్లకు హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్ఏఎల్) సంస్థతో సంతకాలయ్యాయి, అందులో 90 సైన్యానికి, 66 వాయుసేనకు. అంకెలన్నీ పతాక శీర్షికలకెక్కాయి. సరఫరా మూడో ఏట మొదలై, తర్వాతి ఐదేళ్ల పాటు సాగుతుందన్న వాక్యం మాత్రం చాలామంది కంట పడలేదు. నా దృష్టిలో ఆ ప్రకటన మొత్తంలో అన్నిటికన్నా విలువైన వాక్యం అదే.

తయారీదారు వద్ద ఉత్పత్తి ఇప్పటికే నడుస్తోందా లేదా అన్నది కూడా చూడాలి. గుజరాత్‌లోని హజీరాలో ఎల్ అండ్ టీ తయారుచేసే కె-9 వజ్ర స్వయంచాలిత శతఘ్నులకు తొలి ఒప్పందం 2017లో కుదిరింది, నూరో శతఘ్ని 2021 ఫిబ్రవరిలో సైన్యానికి అందింది. 2024 డిసెంబరులో ₹7,628.70 కోట్లతో వాటికే మళ్లీ ఒప్పందం చేసుకున్నారు. పనితనం రుజువైన ఆయుధానికి ఇలా రెండోసారి ఇచ్చే ఆర్డరు, కాగితం మీది కొత్త ఆయుధం కన్నా ఎంతో నమ్మదగినది. 2025 మార్చిలో ఫోర్స్ మోటార్స్, మహీంద్రా సంస్థల నుంచి సుమారు 5,000 తేలికపాటి వాహనాలకు కుదిరిన ఒప్పందానికి పెద్దగా ప్రచారం రాలేదు గానీ, దళాల రోజువారీ కదలికలకు అటువంటివే ఆధారం.

నమూనాను చూసి ఆయుధం వచ్చేసిందనుకోకూడదు. 25 టన్నుల జొరావర్ తేలికపాటి ట్యాంకును 2024 జులైలో హజీరాలో ప్రదర్శించారు, అదే ఏడాది డిసెంబరులో 4,200 మీటర్లకు పైబడిన ఎత్తులో దానితో కాల్పులు జరిపించారు. 2020లో లద్దాఖ్‌లో చైనాతో ఎదురైన పరిస్థితి తర్వాత ఇటువంటి ట్యాంకు ఎంత అవసరమో ఎవరికీ చెప్పనక్కరలేదు. అయినా అవి తయారీదారులు జరిపిన అభివృద్ధి పరీక్షలే, సైన్యం సొంతంగా జరిపే పరీక్షలు వాటి తర్వాత మొదలవుతాయి. గణతంత్ర దినోత్సవ కవాతులో కనిపించే శకటాల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

కొత్త కొనుగోళ్లకు ఎంత డబ్బు మిగులుతుందో తెలియడానికి బడ్జెట్‌ను పైపైన చూసినా చాలు. 2025-26లో రక్షణ శాఖకు దక్కిన దాదాపు ₹6.81 లక్షల కోట్లలో ఆయుధాలు, నిర్మాణాల వంటి ఆస్తులకు పెట్టే మూలధన వ్యయం ₹1.80 లక్షల కోట్లు, అందులోనూ పెద్ద భాగం గతంలో కుదిరిన ఒప్పందాల వాయిదాలకే పోతుంది.

ఈ నెమ్మదైన దారికి ఒక మినహాయింపు ఉంది. ఉద్రిక్తతలు తలెత్తినప్పుడు ప్రభుత్వం సైన్యానికి అత్యవసర కొనుగోలు అధికారాలిస్తుంది. 2020లో గల్వాన్ ఘర్షణ తర్వాత ఇచ్చిన అధికారాల కింద ఒక్కో ఒప్పందం విలువ ₹300 కోట్లకు మించకూడదు, సరుకు ఏడాదిలోపు అందడం మొదలుకావాలి. డ్రోన్లు, భుజం మీది నుంచి ప్రయోగించే క్షిపణులు, రక్షణ కవచాల వంటివి సాధారణంగా ఈ దారిన వస్తాయి. ఏడాదిలోపు చేరేవాటిని వెతికేవారు మొదట ఇక్కడే చూడాలి.

చివరగా మందుగుండును లెక్కలోకి తీసుకోవాలి. ఒకేసారి అనేక రాకెట్లను ప్రయోగించే పినాక వ్యవస్థ కోసం 2025 ఫిబ్రవరిలో కుదిరిన ₹10,147 కోట్ల ఒప్పందాలు ప్రధానంగా రాకెట్ల కోసమే. లాంఛర్లు ఎన్ని ఉన్నా వాటిలో నింపే రాకెట్లు చాలినన్ని లేకపోతే యుద్ధం కొన్ని రోజులకే పరిమితమవుతుంది కనుక, ఇలాంటి ఒప్పందాన్ని కొత్త ట్యాంకు వార్తతో సమానంగా లెక్కించాలి. ఈ వివరాలన్నిటికీ రక్షణ శాఖ పత్రికా ప్రకటనలు, డిసెంబరు చివర వెలువడే ఆ శాఖ వార్షిక సమీక్ష, గ్రాంట్ల పద్దులపై పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం ఇచ్చే నివేదికలు అందుబాటులో ఉంటాయి. ఆలస్యమైన సరఫరాల గురించి అధికారులను నిలదీసిన ప్రశ్నలు, వారిచ్చిన జవాబులు ఈ మూడో చోటే దొరుకుతాయి.